‘యానిమల్’ సినిమా, దావీదు ఇల్లు
(యువజన కూడికలో చేసిన ప్రసంగం)



కూడికలో సినిమా మాటెందుకని పెద్దలు కొందరు అడిగారు. మనం మాట్లాడకపోతే మన పిల్లలు చూడటం మానేస్తారా? 2023 డిసెంబరు 1న విడుదలైన ‘యానిమల్’ పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్‌తో వచ్చింది. అయినా పదో తరగతి పిల్లలకు కూడా అందులో డైలాగులు నోటికొచ్చు! తీసింది హిందీలోనే గాని, దర్శకుడు సందీప్ రెడ్డి వంగా మన వరంగల్లు మనిషి. ‘అర్జున్ రెడ్డి’ తీసినాయనే. కాబట్టి ఇది ఎవరిదో బొంబాయి గొడవ అని తప్పించుకోలేం.

కథ మీకు తెలుసు. స్టీలు కంపెనీ యజమాని బల్బీర్ సింగ్‌కు వ్యాపారమే లోకం, కొడుక్కి తీరిక ఇవ్వడు. ఆ కొడుకు రణవిజయ్‌కు తండ్రే దేవుడు. తండ్రి మీద కాల్పులు జరిగితే, చేయించినవాళ్లను ఒక్కొక్కరినీ వెతికి చంపుతాడు. తీరా చూస్తే ఆ శత్రువులు సొంత దాయాదులే. వెనకటి తరంలో ఇంట్లోంచి గెంటివేయబడి, మతం మారిన శాఖ వాళ్లది. మతం మారినవాడు మృగంలా కనబడాలా? మతం మారినవాళ్ల మనవలమైన మనకు ఆ చిత్రణ సంగతి వేరే చెప్పక్కర్లేదు. దాని మీద ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఈ రోజు మేము మీ ముందు పెట్టేది ఆ ఇంటి అక్క సంగతి. కాలేజీలో ఎవరో ఏడిపించారని ఆమె బాధపడితే, బడికెళ్లే తమ్ముడు తుపాకీ పట్టుకుని ఆమె క్లాసులోకే వెళ్తాడు. థియేటర్లో ఈలలు మోగింది అక్కడే. కొన్నేళ్లకు ఆ అక్క భర్తే తండ్రిని చంపించే కుట్రలో ఉన్నాడని తెలిసి, అదే తమ్ముడు అతణ్ని చంపేస్తాడు. ఎవరి కోసం మొదట తుపాకీ పట్టాడో ఆమెనే విధవను చేశాడు. అప్పుడు ఆమె ఏమనుకుందో చూపించడానికి 3 గంటల 21 నిమిషాల సినిమాలో ఎంత చోటు దొరికింది? మీరే గుర్తు చేసుకోండి.

‘పేరే యానిమల్ గదా, వాణ్ని మంచివాడని ఎవరన్నారు’ అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చివర్లో వాడికి ఏదీ మిగలదు, భార్య గీతాంజలి కూడా పిల్లలతో వెళ్లిపోవడానికి సిద్ధపడుతుంది. అయితే కెమెరా ఎవరి పక్కన నిలబడిందో కూడా చూడాలి. చంపేటప్పుడు పాట ఎవరికి, ఏడ్చేటప్పుడు నిశ్శబ్దం ఎవరికి?

ఇప్పుడు రెండవ సమూయేలు 13వ అధ్యాయం తీయండి. అక్కడా తీరికలేని తండ్రి ఉన్నాడు, అక్క చెల్లెళ్లున్నారు, పగ ఉంది. అమ్నోను తామారును చెరిచాడు. దావీదు రాజుకు కోపం వచ్చింది, అంతే. కొడుకును శిక్షించలేదు, కూతుర్ని పలకరించినట్టూ రాయలేదు. అన్న అబ్షాలోము ఆమెను మాట్లాడకుండా ఉండమన్నాడు. రెండేళ్లు కడుపులో పెట్టుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే విందుకు అమ్నోనును పిలిపించి చంపించాడు. మన పెద్దలు చాలామంది దీన్ని అన్న ప్రేమ అని ప్రసంగిస్తారు. ఆ పగ తీరాక తామారుకు ఏం దక్కింది? అన్న ఇంట్లోనే పాడైన బతుకు. తర్వాత అదే అబ్షాలోము తండ్రి మీద తిరగబడి, మేడ మీద గుడారం వేయించి, తండ్రి ఉపపత్నుల దగ్గరకు అందరూ చూస్తుండగా వెళ్లాడు. చెల్లెలి మానం కోసం కత్తి పట్టినవాడు పదిమంది ఆడవాళ్ల మానం తీశాడు. ఆ పదిమందినీ దావీదు చచ్చేవరకు కాపలాలో ఉంచాడు.

అయితే బైబిలు ఒక పని చేసింది. తామారును మాట్లాడనిచ్చింది. అమ్నోనుకు ఆమె చెప్పిన మాటలు చదవండి, ఎంత తెలివిగా వాదించిందో! వెళ్లగొడుతుంటే మళ్లీ ఎదురు చెప్పింది. తల మీద బూడిద పోసుకుని, రంగుల అంగీ చింపుకుని, వీధిలో కేకలు వేస్తూ వెళ్లింది. నోరు మూసుకోమన్నది ఇంటివాళ్లే.

ఇది పాత కథ కాదు. 2016లో మన తమిళనాడులో, ఉడుమలైపేట బస్టాండు దగ్గర పట్టపగలు ఒక దళిత యువకుణ్ని నరికి చంపారు, పక్కనున్న భార్యనూ నరికారు. ఆమె బతికి, కులానికి వ్యతిరేకంగా బహిరంగంగా మాట్లాడింది. 2018లో మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్ల ముందే, ఆసుపత్రి బయట, ఒక దళిత క్రైస్తవ యువకుణ్ని చంపారు. ఆమె తండ్రే డబ్బిచ్చి చేయించాడని పోలీసులు చెప్పారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. రెండు చోట్లా వినబడినవి ఇంటి పరువు, బిడ్డ మీద ప్రేమ అనే మాటలే. రెండు చోట్లా ఆ ఆడపిల్లలు మాట్లాడటం మానలేదు.

మరి మన సంఘాల్లో? అమ్మాయి వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని తెలిస్తే పంచాయితీకి మేనమామ వస్తాడు, అన్నలొస్తారు, పాస్టరుగా మమ్మల్నీ పిలుస్తారు. కుర్చీలన్నీ మగవాళ్లవే. అమ్మాయి లోపలి గదిలో ఉంటుంది.

టీ తర్వాత గుంపులుగా కూర్చుంటారు కదా. ఒక్క మనవి. మొదటి అరగంట అక్కచెల్లెళ్లు మాట్లాడాలి, తమ్ముళ్లు వినాలి. ఆ సినిమాలో అక్కకు మీరైతే ఏ మాటలు రాసేవారో, దావీదు మిమ్మల్ని పిలిచి అడిగి ఉంటే ఏం న్యాయం కోరేవారో చెప్పండి. కాగితాల మీద రాయండి, పేరు పెట్టకపోయినా ఫర్వాలేదు. సాయంత్రం ఆరాధనలో ఆ కాగితాలు చదువుతాం.