రిజ్క్ ద్వారం ఒక్కటి కాదు

సకల జీవులకూ ఆహారమిచ్చి పోషించే అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ కారుణ్యమూ శాంతీ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! తెర ఆవల నుండి ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు మాకు మేమూ, తరువాత మీకూ ఉపదేశించుకుంటున్నాము. తఖ్వా గలవానికి అల్లాహ్ ఇక్కట్ల నుండి బయటపడే మార్గం చూపుతాడనీ, అతడు ఊహించని వైపు నుండి ఉపాధి ప్రసాదిస్తాడనీ సూరహ్ తలాఖ్‌లో వాగ్దానం ఉన్నది. పని పోయిన మనిషి ఈ వాగ్దానాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, అతని చుట్టూ ఉన్న మనం ఏమి చేయాలి అన్నదే నేటి ప్రసంగ విషయం.

మన నేల చూసిన నష్టం

ఉపాధి పోవడమంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబర్ 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. మరుసటి రోజు జుమా. ఆ జుమా నాటికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలో తాతల నాడు నాటిన కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు నేలమట్టమై ఉన్నాయి. తోట కూలితే రైతు ఒక్కడే నష్టపోడు. కాయ దించేవాడు, పీచు వలిచేవాడు, బండి తోలేవాడు, జీడిపిక్కలు కొనే చిరు వర్తకుడు, కాశీబుగ్గ కార్ఖానాలో పిక్క కొట్టి పొట్టు తీసే ఆడకూతురు, అందరి పొయ్యి మీదికీ ఆ చెట్టే బియ్యం తెచ్చేది. కొబ్బరి మొక్క మళ్ళీ నాటినా ఐదారేళ్ళకు గాని కాపుకు రాదు. ఆ ఐదారేళ్ళు ఇల్లు గడిచేదెలా?

తుపాను ఒక్కటే కాదు. పలాస పరిశ్రమకు పిక్కలు మన తోటల నుండే కాక ఆఫ్రికా దేశాల నుండీ వస్తాయి. ఎక్కడో పిక్క ధర పెరిగి, ఇక్కడ పప్పు ధర పడిపోతే కార్ఖానా తలుపు మూతపడుతుంది. ఇక తీరం వెంబడి ఉన్న మత్స్యకారులకు ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మన జిల్లా మత్స్యకారులు వేలాదిగా గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుపడి, వారాల నిరీక్షణ తరువాత బస్సులలో ఇళ్ళకు చేరారు. గల్ఫ్‌లో కొలువు పోయి వట్టి చేతులతో దిగినవారూ ఉన్నారు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి సోకి, నిన్నటి వరకు మూటలు మోసిన మనిషి నేడు బిందె ఎత్తలేక కూర్చున్న ఇళ్ళు ఎన్నో.

ఇన్ని విధాల నష్టపోయినవారి ముందు నిలబడి మాట్లాడేటప్పుడు నోరు అదుపులో ఉంచుకోవాలి. "నీ పాపం వల్లనే నీ పని పోయింది" అని తీర్పు చెప్పే అధికారం అల్లాహ్ మనకివ్వలేదు. ప్రవక్తలకు సైతం లేమి వచ్చింది, వలస వచ్చింది. పరీక్ష వేరు, శిక్ష వేరు. ఏది ఏదో తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే.

యజమాని సాధనం, దాత అల్లాహ్

సోదరులారా! భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఆహార బాధ్యత అల్లాహ్‌దేనని సూరహ్ హూద్ మనకు తెలుపుతున్నది. యజమాని, కార్ఖానా, పడవ, తోట ఇవన్నీ ఆ ఆహారం మన దాకా వచ్చే దారులు. ఒక దారి మూతపడితే ఇచ్చేవాడు మూతపడ్డాడని తలచడం ఈమాన్‌కు తగదు. అయితే ఈ మాటను సోమరితనానికి ముసుగు చేసుకోవడమూ తగదు. తవక్కుల్ గురించి దైవప్రవక్త (స) పక్షి ఉపమానం ఇచ్చారు. పక్షి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తుంది. అది గూటిలో కూర్చోలేదు, ఎగిరింది. ఒంటెను విడిచిపెట్టి అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టి ఆపైన భారం వేయమని సెలవిచ్చారు.

ఈ విషయాన్ని హజ్రత్ మూసా (అ) వృత్తాంతం మరింత విశదం చేస్తున్నది. ఈజిప్టు రాజప్రాసాదంలో పెరిగిన వారు ఒక్కనాడే అన్నీ విడిచి, ప్రాణభయంతో మద్‌యన్ చేరారు. ఇల్లు లేదు, పని లేదు, తెలిసిన ముఖం లేదు. బావి దగ్గర పశువులను ఆపుకొని నిలబడిన ఇద్దరు యువతులను చూసి, వారి పశువులకు నీరు పెట్టారు. ఆ తరువాత నీడకు చేరి, తన ప్రభువు ఏ మేలు దించినా తనకు అది అవసరమేనని వేడుకున్నారు. ఆ వేడుకోలు ముగిసీ ముగియకముందే పిలుపు వచ్చింది. ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు పని చేసే ఒప్పందం కుదిరింది. ఇల్లూ ఇల్లాలూ అమరినవి.

సూరహ్ ఖసస్‌లోని ఈ ఘట్టంలో మూడు పాఠాలున్నాయి. మొదటిది, తానే నష్టంలో ఉండి కూడా ఇతరులకు చేయి అందించడం. పని లేని రోజుల్లో ఇంట్లో తలుపు వేసుకొని కూర్చున్నవాని దగ్గరకు పిలుపు రాదు. నలుగురిలో మెలిగేవాని దగ్గరకే వస్తుంది. రెండవది, రాజప్రాసాదంలో పెరిగినవారు గొర్రెల కాపరి పనికి సిగ్గుపడకపోవడం. మూడవది, ఆ యువతి తన తండ్రికి వారిని సిఫారసు చేస్తూ చెప్పిన రెండు గుణాలు: బలం, నమ్మకం. ఈ రెండూ పోయిన కొలువుతో పాటు పోయేవి కావు. కార్ఖానాలో 180, 210, 240, 320 రకాల పప్పును కంటిచూపుతోనే వేరుచేయగల తల్లికి ఆ చూపు ఎవరిచ్చారు? కార్ఖానా మూతపడితే ఆ చూపు పోతుందా? వల అల్లే వేళ్ళు, ఇంజను శబ్దం విని లోపం చెప్పే చెవి, పైసా తేడా రాకుండా లెక్క రాసే చేయి, ఇవి మీ సొత్తు. వాటితో మరొక వాకిలి తట్టండి.

హజ్రత్ దావూద్ (అ) స్వహస్తాల కష్టార్జితమే భుజించేవారు. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి. మన ప్రవక్త (స) మక్కావాసుల గొర్రెలు కాచారు. నిన్న మేస్త్రీగా ఉన్నవాడు నేడు తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్మితే అది అతనికి అవమానం కాదు. దానిని అవమానంగా చూసే మన కళ్ళనే కడుక్కోవలసి ఉన్నది.

బజారు ఎటు?

మక్కా నుండి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) మక్కాలో వర్తకుడు. మదీనాలో వట్టి చేతులవాడు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (ర) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆ సోదరునికి బరకత్ కలగాలని దుఆ చేసి, బజారు ఎటు ఉన్నదో చూపమని మాత్రమే అడిగారు. ఎండు పెరుగు, నెయ్యి అమ్మి మొదలుపెట్టారు. కొద్ది కాలానికే స్వయంగా నిలదొక్కుకొని, పెళ్ళి చేసుకునే స్థితికి వచ్చారు. సఅద్ (ర) ఔదార్యం, అబ్దుర్రహ్మాన్ (ర) ఆత్మగౌరవం, ఈ రెండూ ఉన్న సమాజంలో నిరుద్యోగం శాశ్వతం కాదు.

మన పలాస, టెక్కలి, ఉద్దానం వాసులకు బజారు ఎటు? కొన్ని మాటలు స్పష్టంగా చెబుతున్నాము.

మొదట మీకు రావలసినది అడగండి. ఏడాది పాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుని తొలగించేటప్పుడు నెల ముందు నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టం చెబుతున్నది. పీఎఫ్ ఖాతాలో మీ సొమ్ము ఉంటే అదీ మీదే. హక్కు అడగడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టడమంటే అదే.

రెండవది, వడ్డీ దరిదాపులకు పోకండి. పని పోయిన మొదటి నెలలోనే ఇంటి ముందు రోజువారీ ఫైనాన్స్ మనిషి నిలబడతాడు. ఆ సొమ్ముతో నెల గడుస్తుంది, తరువాత ఏళ్ళు గడవవు. అల్లాహ్, ఆయన ప్రవక్త యుద్ధం ప్రకటించిన పాపం అది. ఆడపిల్ల మెడలోని బంగారం కుదువ పెట్టే ముందు జమాఅత్ పెద్దలతో ఒక్కసారి మాట్లాడండి. సలహా అడగడం సున్నత్.

మూడవది, గల్ఫ్ ప్రయాణం కట్టేవారు తొందరపడకండి. కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు తన సేవలకు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. లక్షలు అడిగేవాడు, రసీదు ఇవ్వనివాడు, విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనేవాడు మీ మేలు కోరేవాడు కాడు. ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నదో లేదో చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. ఇస్తిఖారా నమాజు చేయండి. ఒప్పంద పత్రమూ చదవండి.

నాల్గవది, కొత్త పని నేర్చుకోవడానికి వయసు అడ్డు అనుకోకండి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు అంటే వెల్డింగు, విద్యుత్తు, యంత్రాల మరమ్మతు, సరకు లెక్క తెలిసినవారికి పని. ఆ పనులు నేర్చినవారు ఎక్కడి నుండో రావలసిందేనా? మన యువకులు ఐటీఐ గడప ఎక్కితే చాలదా?

గొడ్డలికి కామ అమర్చిన చేతులు

ఇప్పుడు పని ఉన్నవారితో, కలిమి ఉన్నవారితో మాట్లాడుతున్నాము. శ్రద్ధగా ఆలకించండి.

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక ఉదంతం ఉన్నది. ఒక అన్సారీ సహాయం అర్థిస్తూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఇంట్లో ఏమున్నదని అడిగితే, కప్పుకోవడానికీ పరచుకోవడానికీ ఒక ముతక దుప్పటి, నీరు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నారు. వాటిని తెప్పించి ప్రవక్త (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తారా అని అడిగితే మరొకరు రెండు దిర్హమ్‌లు ఇచ్చారు. ఒక దానితో ఇంటివారికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. ఆ గొడ్డలికి తమ పవిత్ర హస్తాలతో కర్రకామ అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, 15 రోజుల దాకా కనబడవద్దనీ పంపించారు. ఆయన తిరిగివచ్చేసరికి చేతిలో పది దిర్హమ్‌లు ఉన్నాయి.

అల్లాహ్ ప్రవక్త (స) ఆయనను కసరలేదు, వట్టి మాటలతో ఓదార్చి పంపలేదు. ముందు పిల్లల ఆకలి తీర్చారు, వెంటనే పనిముట్టు చేతికిచ్చారు, గడువు పెట్టి ఫలితం చూశారు. రంజాన్ నెలలో బియ్యం, నూనె సంచులు పంచడంతో మన బాధ్యత తీరిందా? అది మొదటి దిర్హమ్. రెండవ దిర్హమ్ ఏది? కుట్టు మిషను, వల, తోపుడు బండి, డ్రైవింగ్ లైసెన్సు రుసుము, ఐటీఐ చదివే పిల్లవాని బస్సు ఛార్జీ, ఇవి నేటి గొడ్డళ్ళు. జకాత్‌కు అర్హుడైన పేదవానికి పనిముట్టు కొని పూర్తిగా అతని సొంతం చేస్తే జకాత్ చెల్లుతుంది. అప్పులలో మునిగినవారు కూడా సూరహ్ తౌబాలో పేర్కొన్న ఎనిమిది వర్గాలలో ఉన్నారు. జకాత్ వర్తించని చోట ఖర్జె హసనా ఇవ్వండి. వడ్డీ లేని అప్పు ఒక మనిషిని ఆ ఫైనాన్స్ మనిషి చేతి నుండి కాపాడుతుంది.

ఈ జిల్లాలో మన సంఖ్య స్వల్పం. మన ఇరుగుపొరుగు కష్టంలో మన కష్టం కలిసే ఉన్నది. తిత్లీ గాలి ఎవరి మతమూ అడగలేదు. కాబట్టి మీ ఐచ్ఛిక సదఖాలో పొరుగువారికీ వాటా ఉంచండి.

కార్ఖానాలు, దుకాణాలు నడిపే సోదరులారా! కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని ఆదేశం ఉన్నది. పని ఆపవలసి వస్తే బకాయి నిలుపకండి, ముందుగా చెప్పండి, మరో చోటికి సిఫారసు చేయండి. జీడి నూనె తగిలి వేళ్ళు కాలిన ఆ తల్లుల దుఆకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదు.

అందరూ బజారుకు వెళ్ళలేరు. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రికి తిరిగే మనిషిని "ఏదో ఒక పని చూసుకో" అనడం అన్యాయం. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి ప్రారంభమైంది. చికిత్స చేరువైనంత మాత్రాన ఇంటి పొయ్యి వెలగదు. అటువంటి ఇంట్లో భార్యకో, ఎదిగిన బిడ్డకో కూర్చొని చేసే పని చూపడం, అది దొరికే దాకా ఆ ఇంటిని పోషించడం జమాఅత్ బాధ్యత.

మొక్క నాటే చేయి

ప్రళయ ఘడియ ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే, వీలైతే దానిని నాటమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆ ఉపదేశానికి అర్థం ఉద్దానం రైతుకు బాగా తెలుసు. కూలిన మాను పక్కనే గొయ్యి తీసి కొత్త కొబ్బరి మొక్క పెట్టినవాడు, దాని కాయ తాను తింటాడో లేదో తెలియకుండానే నీరు పోశాడు. ముస్లిం నాటిన మొక్క ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా అది అతని సదఖా. ఉపాధి పోయిన సోదరుడా! నీవు రేపు వేసే మొదటి అడుగు కూడా అటువంటి మొక్కే. నాటడం నీ పని, కాయించడం అల్లాహ్ పని.

జుమా నమాజు ముగిసిన తరువాత భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని సూరహ్ జుముఅహ్ ఆజ్ఞాపిస్తున్నది. మరికొద్ది సేపటిలో మనం ఈ వాకిలి దాటుతాము. పని వెదికేవారు సిగ్గు విడిచి ఇక్కడే చెప్పండి. పని ఇవ్వగలవారు, దారి చూపగలవారు చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోకుండా ఒక్క నిమిషం ఆగండి.

యా అల్లాహ్! ఉపాధి కోల్పోయిన మా సోదరులకు, సోదరీమణులకు హలాల్ రిజ్క్ ద్వారాలు తెరువు. అప్పుల భారం నుండి, వడ్డీ ఉచ్చు నుండి, మోసగాళ్ళ చేతి నుండి వారిని కాపాడు. రోగులకు స్వస్థత ప్రసాదించు. సముద్రంలో ఉన్నవారిని, పరదేశాలలో ఉన్నవారిని క్షేమంగా ఇళ్ళకు చేర్చు. కలిమి గలవారికి ఇచ్చే మనసు, లేమి గలవారికి చెదరని ధైర్యం అనుగ్రహించు. మా తోటలను, మా తీరాన్ని, మా ఇరుగుపొరుగు అందరినీ చల్లగా చూడు. ఆమీన్.