'ఫ్యామిలీకి మాత్రమే'

హైదరాబాదు శివారు మియాపూర్‌లో అమ్మా, ఇద్దరు పిల్లలూ, నేనూ ఉండటానికి రెండు గదుల పోర్షన్ కోసం రెండు నెలలు తిరిగాను. 2017లో మెట్రో మొదలైన స్టేషను చుట్టుపక్కల నా జీతానికి అందే ఇల్లు కనబడలేదు. లోపలి కాలనీల్లో టులెట్ బోర్డులున్నాయి, 'ఫ్యామిలీకి మాత్రమే' అని. "మీవారేం చేస్తారమ్మా?" అన్నదే మొదటి ప్రశ్న. లేరంటే, పోయారా, విడిపోయారా అని రెండోది. కులం, మాంసం సంగతి ఆ తర్వాత. నలుగురం ఉన్నా మాది ఫ్యామిలీ కాదట! ఒకాయన ఒప్పుకున్నాడు గానీ, మగదిక్కు లేదు కాబట్టి ఆరు నెలల అడ్వాన్సు కట్టమన్నాడు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అంటారు. కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లను 2005 సవరణ దాని నుంచి తప్పించింది. ఆ డబ్బుకి ఇక్కడ వంటగది కూడా రాదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం, అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమలవుతుంది. ఒంటరి స్త్రీకి ఇల్లివ్వననటం గురించి అందులోనూ మాట లేదు.

మన సంఘాల్లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. మీరు అద్దె మాట్లాడి, భర్త మాట మానేస్తే, ఇప్పుడు నాతో వచ్చిన ముగ్గురికి ఈ నెలలోనే ఇళ్లు దొరుకుతాయి.