స్వయంకృషికి ముడుపు



సిద్దిపేట ప్రాంతమున మ్రొక్కు లేని యిల్లు అరుదు. పంట యిల్లు చేరినచో కొమురవెల్లి మల్లన్నకు పట్నము వేయింతునని మ్రొక్కి, పసుపుగుడ్డలో ముడుపు గట్టుదురు. అది దైవము చేయవలసిన పనికి ముడుపు. తాను చేయవలసిన పనికి ముడుపు గట్టువాడెవ్వడు? నేటి ప్రసంగము అట్టి ముడుపును గూర్చినది.

చుట్ట మానవలెననియు, దినమునకు పది పుటలు చదువవలెననియు ఉగాదినాడు సంకల్పించినవాడు ఏరువాకనాటికి మరచును. అందుచే, తప్పిననాడు ధర్మమునకు ఇంత చెల్లింతునని కొందరు నియమము పెట్టుకొందురు. ఇది పురాతనమైన మార్గమే. ప్రమాణము తప్పినవాడు పదిమంది పేదలకు అన్నము పెట్టుట ఖురాను చెప్పిన పరిహారములలో నొకటి. మన ప్రాయశ్చిత్తములందును దానము కలదు. కాని పశ్చాత్తాపము లేనిచో అది వట్టి వెల యగును. చుట్టకొక రూపాయి, ధర్మమునకొక రూపాయి: చుట్ట వెల రెండు రూపాయలైనది, అంతే. పైపెచ్చు పుణ్యము వచ్చెనను తృప్తి! అట్టివాని చుట్ట ఎన్నడును ఆరదు.

1924 బెళగాము కాంగ్రెసులో, గాంధీమహాత్ముని అధ్యక్షతన, సభ్యుడు నెలకు 2,000 గజముల నూలు చందాగా నీయవలెనని నిర్ణయించిరి. వడకనొల్లనివాడు ఇతరులు వడికినది తేవచ్చునని సడలింపు కూడ నిచ్చిరి. అభ్యాసము ఒకరిది, చందా మరియొకరిది! ఆ నియమము నిలువలేదు. 1925లోనే నాలుగణాల చందాకు మరల చోటిచ్చిరి.

వినోబాభావే ఈ కిటుకు నెరిగినవాడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరము లొసగగా భూదానము మొదలైనది. సెంటు భూమి లేనివాడేమి యిచ్చును? అట్టి యింటికిని తగినది తరువాత వచ్చిన సర్వోదయపాత్ర. ఇంటింట నొక పాత్ర. అందు దినమునకు పిడికెడు ధాన్యము, అదియు ఇంటి బిడ్డ పిడికిలితో. పెద్దవాని పిడికిలిలో గింజలెక్కువ పట్టును గదా! గింజలకంటె ఆ బిడ్డ అలవాటే ఆయనకు ముఖ్యము.

ఈ గ్రంథాలయమునను అట్లొక హుండీ యుంచవచ్చును. పది పుటలు చదివిన దినమున సభ్యుడు అందొక రూపాయి వేయవలెను. చదువనినాడు వేయరాదు, మరునాడు రెండు వేసి బాకీ తీర్చుటయు కూడదు. ఆ సొమ్ముతో బడిపిల్లలకు పుస్తకములు కొందురు. కావున పెద్దలు సోమరులైన నెలలో పిల్లలకొక పుస్తకము తగ్గును. హుండీ తాళపుచెవి పిల్లలయొద్దనే యుండవలెను. నెల కడపట దానిని విప్పి, అందరి యెదుట లెక్క చదువువారు వారే.