ఆనాటి పిల్లవాని దినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ యుత్సవమున భారతమును గూర్చియో, పోతనను గూర్చియో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేనును సరే యంటిని. తరువాత మాట తప్పితిని. అందుకు కారణమైనవాడు పదునైదేండ్ల కుఱ్ఱవాడొకడు. ముందుగా వాని సంగతి మనవి చేసెదను.

మొన్నటి వేసవిలో నొకనాడు రాత్రి యేడు దాటిన పిదప నీ గ్రంథాలయము ముందునుండి యింటికి పోవుచుంటిని. తలుపు వేసియున్నది. మెట్టు మీద వీధిదీపపు వెలుతురున నొక పిల్లవాడు కూర్చుండి చదువుకొనుచుండెను. పగలెల్ల కొబ్బరి యొలుపు జరుగుచోట కాయలు లెక్కపెట్టి బస్తాలకెత్తించు పని వానిది. చేతిలో నట్టలూడిన పుస్తకము. చిత్తుకాగితముల మూటలో దొరికినదట. నన్ను చూచి లేచి, "కరణంగారండీ, ఆ గుహలోంచి ఆళ్ళిద్దరూ బయటికొచ్చేరాండి?" అని యడిగెను. (కరణీకములు 1984లోనే రద్దయినవి. నేడు నేను చేయునది గ్రామ లెక్కల యుద్యోగము మాత్రమే. అయినను ఊరివారు పిలుపు మానలేదు.) నేను పుస్తకము తీసికొని చూచితిని. అది నండూరి రామమోహనరావుగారు తెనిగించిన 'టామ్ సాయర్'. చివరి పుటలు లేవు. టామ్ అను కుఱ్ఱవాడును, వాని తోడి బాలికయు చీకటి గుహలో దారి తప్పినచోట పుస్తకము తెగిపోయినది.

"వచ్చిరి లేరా, మిగిలిన కథ లోపలి బీరువాలో నున్నది, రేపు వచ్చి తీసికొమ్ము" అంటిని. వాడు తల గోకికొని, "పని యేడింటికి దిగుతాదండి. మీరు యేడింటికి మూసేత్తారు కదండి" అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.

ఇంటికి పోయి భాగవతము తెఱచితిని గాని మనసు నిలువలేదు. ఆ కథ వ్రాసిన మార్క్ ట్వేనును, మన సీమలో నా శతాబ్దముననే పెరిగిన పిల్లలును తలపునకు వచ్చిరి. పెద్దవారైన తరువాత వారు చేసిన ఘనకార్యములు అందఱకును తెలిసినవే. పదునాలుగేండ్ల వయసున వారి దినమెట్లు గడచినదో మాత్రము తఱచుగా చెప్పుకొనము. నేడు నేను చెప్పబోవునది యదియే.

మార్క్ ట్వేను అసలు పేరు శామ్యూల్ క్లెమెన్సు. 1835లో పుట్టెను. 1839లో వారి కుటుంబము మిస్సౌరీ రాష్ట్రమున హానిబల్ అను చిన్న పట్టణమునకు చేరెను. ఆ యూరు మిసిసిపీ నది యొడ్డున నున్నది. పొగపడవ వచ్చినదన్న కేక వినబడువఱకు నిద్రపోవుచున్నట్లుండి, వినబడగానే యూరెల్ల రేవునకు పరుగెత్తెడిదట. బడి యెగవేసి నదిలో నీదుట, లంకలకు పోవుట, ఊరి వెలుపలి గుహలో దూఱుట ఆ పిల్లల యాటలు. గౌతమి గట్టున పుట్టినవారికి నేనింతకన్న వర్ణింప నక్కఱలేదు. మన పిల్లలకు గుహ యొక్కటే కొఱత.

కాని యా యాట యెంతకాలము? 1847లో తండ్రి మరణించెను. శామ్యూలునకు పదునొకండేండ్లు. మఱి కొంతకాలమునకు వానిని అచ్చుకూటమున పనికి పెట్టిరి. జీతము లేదు. తిండి, బట్ట మాత్రమే. ఆ బట్టయు యజమాని విడిచినది, ఒంటికి రెండింతలు. పడక అచ్చుకూటపు నేలమీదనే. పగలెల్ల సీసపు టక్షరములను తలక్రిందులుగా నొక్కొక్కటే పేర్చుట వాని పని. ఎవరో వ్రాసినదానిని పేర్చుచు పేర్చుచు వాడు చదువరి యయ్యెను. ఒకనాడు గాలికి కొట్టుకొని వచ్చిన పుస్తకపు విడి కాగితము వీధిలో దొరుకగా, అందు ఫ్రాన్సు వీరకన్య జోన్ ఆఫ్ ఆర్కు చెఱసాలలో నున్న కథ చదివి, మిగిలినదేమని వెదకుచు పోయెనని యాయన చరిత్ర వ్రాసినవారు చెప్పిరి. మన మెట్టుమీది కుఱ్ఱవాని చేతిలోని పుస్తకమునకు నా కాగితమునకు నాకేమియు భేదము కనబడలేదు.

ఆ యూరిని స్వర్గమని మీరు తలపవలదు. అది బానిసలను కొని యమ్మిన నాడు. ఆ 1847లోనే మిస్సౌరీ ప్రభుత్వము నల్లవారికి చదువు చెప్పుట నేరమని శాసనము చేసినది. శామ్యూలుతో నదిలో నీదిన నల్లపిల్లవానికి చెల్లని కాగితమైనను చదువు హక్కు లేదు.

ఆ 1847లోనే మన ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్టకు పని మొదలుపెట్టెను. 1852కు పూర్తియయ్యెను. గన్నవరము కడ 49 కమానుల మీదుగా నీరు మన కోనసీమకు దిగెను. నీటితోబాటు పడవ వచ్చినది. అటుపిమ్మట చాలకాలము మనకు కాలువయే రాజమార్గము. రాజమహేంద్రవరమున చదువుటకు పోవు పిల్లవాడు పచ్చడి జాడీతో, పాత పుస్తకముల మూటతో పడవ యెక్కవలసినదే. గాలి లేనప్పుడు పడవవాండ్రు గట్టు దిగి త్రాడు భుజమున వేసికొని లాగెడివారు.

అంతకు ముందు వీధిబడి. ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుట, తరువాత తాటాకు, గంటము. ఆ బడిలో దినమెట్లు మొదలయ్యెడిదో బళ్ళారి కలెక్టరు క్యాంబెలు 1823లో ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో నున్నది. బళ్ళారి యప్పుడు తెలుగు, కన్నడములు కలసిన జిల్లా. ఉదయ మాఱుగంటలకు బడి. మొదట వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. ముప్పదవవాడుగా వచ్చిన బాలుని గూర్చి మీరే లెక్క కట్టుకొనుడు! బద్ధకస్తులకు గుంజీలు, చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుట. ఆ జిల్లాలో నించుమించు పదిలక్షల జనమునకు బడికి వచ్చువారు 7,000 మందియైన లేరని దొర వాపోయెను. బాలికలు బహు స్వల్పము. దళితవాడల పిల్లలకు మన యగ్రహారపు వీధిబడి గుమ్మము కూడ తెలియదు. మిస్సౌరీలో శాసనము చేసిన పనిని మన పెద్దలు శాసనము లేకయే చేసిరి. మా యింటి పెద్దలును అందులోనివారే గనుక నాకీమాట చెప్పు నధికారమున్నది.

ఇక శామ్యూలు క్లెమెన్సువంటి బాలుడు మనకును ఒకడు కలడు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో నొంగోలు సీమలో పుట్టిరి. ఆయనకును పదునొకండవ యేటనే తండ్రి పోయెను. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో నొంగోలు చేరి పూటకూటి యిల్లు పెట్టిరి. ఆ కాలమున నొక కరణకుటుంబపు స్త్రీ డబ్బుకు అన్నము పెట్టుటయనగా బంధువుల దృష్టిలో నెంత తలవంపో నేడు మనకు తెలియదు. పూటకూటింట పిల్లవానికి నీళ్ళు, కట్టెలు, విస్తళ్ళు ఎన్ని పనులుండునో తల్లులకు వేఱుగా చెప్పవలెనా! దానికి తోడు ఊరిలో అల్లరి, నాటకములలో వేషములు. ఆడువేషమునకు ప్రకాశము పెట్టినది పేరు.

పరీక్ష రుసుము మూడు రూపాయలు కట్టవలసి వచ్చినది. మూడు రూపాయలనగా 48 అణాలు. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ పద్దు నొద్ద నేనెప్పుడును ఆగిపోవుదును. బంధువులనుండి తెత్తునని పిల్లవాడు కాలినడకను పోయి, వట్టి చేతులతో తిరిగివచ్చెను. కడకు తల్లి తన పట్టుచీర తాకట్టుపెట్టి యా సొమ్ము చేతిలో పెట్టినది. అటుపై బడిపంతులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు తాను రాజమహేంద్రవరము పోవుచు నీ పిల్లవానిని వెంటబెట్టుకొని పోయిరి. ఆ బాలుడు 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యగునని ఆ తల్లికి గాని, ఆ పంతులుకు గాని తెలియదు. తెలిసి చేసినచో అది వ్యాపారము.

మన యొడ్డునకు దగ్గఱగా వత్తము. సఖినేటిపల్లి రేవు దాటిన నరసాపురము. అక్కడ చదివిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1867లో ఖండవల్లిలో పుట్టిరి. చిన్ననాటినుండియు రేచీకటి. పగటిచూపును అంతంతమాత్రము. తోడి విద్యార్థులు పాఠము పైకి చదువగా వినుచు నేర్చుకొనిరి. 'గణపతి' నవల చదివి కడుపుబ్బ నవ్వినవారు, అందలి యల్లరిపిల్లవానిని సృష్టించిన మహానుభావుడు సంజ వ్రాలగానే గోడ పట్టుకొని నడచినవాడని జ్ఞాపకముంచుకొనుడు. ఎవరో పిల్లలు, వారి పేరులు నాకు తెలియవు, ఆటమాని ఆయన పక్కన కూర్చుండి చదివిరి గదా!

ఎదుర్లంక కెదుటి యానాము, 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడి. అక్కడ పెరిగిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున పుట్టిరి. పడుచువయసున నా యూరి వేంకటేశ్వరస్వామిపై శతకము చెప్పగా, ఒక పద్యమున తప్పున్నదని పండితులు పట్టిరి. ఆ పరాభవము సహింపక, కాశికి పోయి వ్యాకరణము చదివి తీరుదునని పూనిరి. చేతిలో డబ్బు లేదు, కన్నులకు జబ్బు. ప్రయాణము వెనుకబడినది, పట్టు మాత్రము సడలలేదు. తరువాతి కథ తిరుపతి వేంకటకవుల కథ. అది నేటిది కాదు.

వీరందఱకును రాత్రి వెలుతురు ఆముదపు దీపము. ఒక్క కుండలోని యాముదమే కడుపునొప్పికి, తలకు, ప్రమిదకు. పిల్లవాడు చదువుకొనుచున్న కొలది కుండ తరుగును, పెద్దలు "ఆర్పవోయి" అందురు. పగలు పనిది, రాత్రి చీకటిది. నడుమ నొక గడియ ప్రమిద వెలిగినంతసేపే వానిది.

నా సంగతి యొక్కటి చెప్పి విరమింతును. 1984లో మా నాయనగారి కరణీకము పోయినప్పుడు నాకు పదునాలుగేండ్లు. బడి మాని కొబ్బరి దుకాణమున చిట్టా వ్రాయుటకు కుదిరితిని. ఆ వీధిలో విశ్రాంతి పొందిన తెలుగు పండితుడొకరుండిరి. రాత్రి యెనిమిదింటికి పోయి తలుపు తట్టినను విసుగుకొనక, వావిళ్ళవారి భాగవతము నా యెదుట పెట్టి, "నేను నిద్రపోదును, నీవు చదువుకొని దీపమార్పి పొమ్ము" అనెడివారు. నిద్రలోనే నా తప్పులు దిద్దెడివారు. ఈ వేదిక మీద నన్ను పండితుడని మీరు పిలుచుచున్న పిలుపునకు మూలమా దీపము.

మన కోనసీమలో, మామిడికుదుఱున 1911లో పుట్టిన బోయి భీమన్నగారు 'పాలేరు' నాటకము వ్రాసిరి. దానిని చూచిన తండ్రులు తమ పిల్లలను పాలేరుతనము మాన్పించి బడికి పంపిరని పెద్దలు చెప్పగా వింటిమి. నేడు పాలేరులు లేరు. రొయ్యల చెఱువుల కాపలాకు, కొబ్బరి యొలుపునకు, సెల్‌ఫోను దుకాణములకు పోవు పిల్లలున్నారు. వారి చేతిలోను ఫోనున్నది. అందులో లోకమంతయు నున్నదని మీరనవచ్చును. ఉండవచ్చును. ఆ కుఱ్ఱవాని చేతిలోను ఉన్నది. అయినను వాడు మెట్టుమీద చిరిగిన పుస్తకమే చదువుచుండెను.

మన చందాదారుల పట్టీ తిరుగవేసి చూచితిని. పదునెనిమిదేండ్ల లోపువారి పేరులు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అందు పనికి పోవువాడొక్కడును లేడు. తప్పు వారిది కాదు, మన గడియారముది. కార్యవర్గమున నీ మాట యెత్తగా విద్యుత్తు ఖర్చనిరి, రాత్రిపూట పుస్తకములు పోవుననిరి, కూర్చుండువాడెవడనిరి. మూడును న్యాయమైన ప్రశ్నలే. ఖర్చు నేను లెక్కగట్టితిని. రెండు దీపములు, ఒక పంకా, రోజునకు గంటన్నర. ఈ రజతోత్సవపు పూలదండలకైన సొమ్ముతో చాలకాలము నడచును. (అధ్యక్షులవారు మన్నింతురు గాక, నా మెడలోని దండ కూడ నా లెక్కలో చేరియున్నది.) పుస్తకములు కొన్ని పోవును. పోయిన పుస్తకము నెవడో చదువును. బీరువాలోనిది చెదలు చదువును.

కూర్చుండువాని సంగతి. మంగళ, శుక్రవారములు రాత్రి యేడున్నర మొదలు తొమ్మిది వఱకు తాళపుచెవి నాయొద్ద నుంచుడు, నేను కూర్చుందును. మిగిలిన దినములకు మీలో నెవరైన పేరు చెప్పుడు. కార్యదర్శిగారు కాగితముతో నిక్కడనే యున్నారు. 'టామ్ సాయర్' పూర్తి ప్రతిని నేను బీరువానుండి తీసి, చందా వ్రాసి, ప్రక్కన బెట్టించితిని. పిల్లవానికి కబురు పంపితిని, ఈ మంగళవారము వచ్చెదనన్నాడు.