దూషితవాయువునందు వ్యాయామము
(వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



వేకువజామున లేచి పరుగిడుడని ముప్పది సంవత్సరములు బడిపిల్లలకు బోధించితిని. నేడా బోధను సవరించుకొనుటకై మీ యెదుట నిలిచితిని. గత మాఘమాసమున మన విద్యార్థివసతిగృహపు బాలుడొకడు రహదారిప్రక్కన పరుగిడుచు రొప్పి కూలబడగా, సోమరితనమని మందలించితిని. అది ఉబ్బసమని వైద్యుడు చెప్పినపిదప మిక్కిలి సిగ్గుపడితిని.

మన విశాఖపట్టణము కైలాసగిరికిని యారాడకొండకును నడుమ దొన్నెవంటి ప్రదేశము. నౌకాశ్రయము, చమురుశుద్ధిశాల అందే యున్నవి. శీతకాలపు రాత్రులయందు నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కును. దానిపై వెచ్చనిగాలి మూతవలె నిలుచును. కావున పొగయు ధూళియు ఎండ యెక్కువరకు పైకి పోజాలవు. మనము నిర్మలమని తలచు వేకువయే అట్టి దినములందు మలినమైన వేళ.

విశ్రాంతిగా నున్నవాడు నిమిషమునకు 6 మొదలు 8 లీటర్ల గాలిని పీల్చును. వేగముగా పరుగిడువాడు 60 లీటర్లకు మించియు పీల్చవచ్చును. నోటితో పీల్చుటచే ముక్కులోని వడపోతయు తప్పిపోవును. 2.5 మైక్రోమీటర్లకు లోబడిన కణములు ఊపిరితిత్తుల లోతులకు చేరును. వీనికి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన వార్షికసగటు హద్దు ఘనపుమీటరునకు 5 మైక్రోగ్రాములు. మన దేశమున 2009లో విధించిన హద్దు 40.

అట్లని వ్యాయామము మానవలెనా? మానరాదు. దేహబలమున సగమువరకే వ్యాయామము చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తనియు సుశ్రుతుడు చెప్పెను. నేటి శాస్త్రముతో నిది చక్కగా పొసగుచున్నది.

వాయునాణ్యతాసూచి 100 లోపున్న ఆరోగ్యవంతులు నిశ్చింతగా తిరుగవచ్చును. 100 దాటినచో ఉబ్బసము, గుండెజబ్బు గలవారు శ్రమ తగ్గింపవలెను. 200 దాటిన దినమున అందరును పరుగు మాని, ఇంటిలోనే ఆసనములు, బస్కీలు చేసికొనుట మేలు. చేతిరుమాలు సూక్ష్మకణముల నాపజాలదు.

నా విన్నప మొక్కటే. వసతిగృహపు పిల్లలను లారీలు పోవు బాటనుండి తప్పించి, పెరటిస్థలమును బాగుచేయించి, చుట్టును వేప, కానుగ మొక్కలు నాటింపవలెను. అచ్చట చెత్త తగులబెట్టుట మాన్పింపవలెను. ఇందులకు నా యొకనెల పింఛను సమర్పించుచున్నాను. తక్కినది మీ యౌదార్యమునకు విడిచితిని.

భగవంతుడు మన బిడ్డలకు ఆయురారోగ్యముల నొసంగుగాక!