నక్షత్రయానము: క్రొత్తగా చూడబోవువారికి కొన్ని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రబంధములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఈ 25 ఏండ్లలో నేను తీసికొనిపోయిన పుస్తకముల పట్టీ చూచినవారెవరైనను అట్లే కోరుదురు. భాగవతము, మనుచరిత్రము, వసుచరిత్రము: వీనినే మరల మరల తీసికొనిపోయి, గడువు దాటించి, జరిమానా కట్టుచున్నవాడను. గురువు చెంత కూర్చుండి చదివినవాడను గాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రి నిఘంటువు ప్రక్కన పెట్టుకొని ఒక్కొక్క పద్యము విప్పుకొన్నవాడను. కాని నేటి నా ప్రసంగము ప్రబంధములను గూర్చి కాదు, ఒక టెలివిజన్ ధారావాహికను గూర్చి. దాని పేరు స్టార్ ట్రెక్. నక్షత్రయానమని మనము చెప్పుకొందము.

కొందరు నవ్వుచున్నారు. నవ్వవలసినదే. మన పఠనమందిరమునకు దాత యొకరు పెద్ద టెలివిజన్ ఇచ్చిన నాటినుండి ఊరిలో రెండు పక్షములైనవి. సరస్వతీ నిలయములో ఈ పెట్టె యేమిటని పెద్దలు, పెట్టె లేకున్న మేము రామని పిల్లలు. మొన్నటివరకు నేను పెద్దల పక్షమే. ఒక షరతుమీద పక్షము మారితిని: ఆ పెట్టెలో మొట్టమొదట చూపునది నేను చెప్పినదై యుండవలెను. ఎందుకట్లు కోరితినో చెప్పుట నా బాధ్యత.

1980 దశకములో దూరదర్శన్‌లో ఆదివారము ప్రొద్దున ఈ ధారావాహిక వచ్చుచుండెను. అప్పుడు నేను బడి పిల్లవాడను. గోదావరిఖనిలో మా మేనమామగారి క్వార్టరుకు పోయి చూచెడివాడను. మామ బాయిలో బొగ్గు ఎత్తు పనివాడు, తట్టా చెమ్మసు పట్టిన చేతులు. రాత్రి షిఫ్టు దిగివచ్చి మంచముమీద పడి నిద్రపోవుచుండెను. ఇంగ్లీషు మాటలు మాకు ఒక్కటియు అర్థమగుట లేదు. చెవులు మొనదేరిన ఒక పాత్రను చూచి మా అత్త, "గీ చెవులోడు దేవుడా, రాక్షసుడా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము నాకు దొరకుటకు ఇరువది ఏండ్లు పట్టినది. ఆయన రెండును గాడు. తల్లి మానవ స్త్రీ, తండ్రి వల్కన్ అను మరియొక గ్రహమువాడు. పేరు స్పాక్. కోపమును, దుఃఖమును బుద్ధిబలముచేత అణచుకొని, యుక్తి చెప్పినట్లు నడచుట ఆ గ్రహవాసుల ధర్మము. స్థితప్రజ్ఞుడనవచ్చును గాని, తల్లివైపు రక్తము అప్పుడప్పుడు బయటపడుచుండును. అదియే ఆ పాత్రలోని అందము.

సంగతులు క్లుప్తముగా చెప్పెదను. జీన్ రాడెన్‌బెరీ అను నాతడు దీనిని కల్పించెను. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ప్రసారము మొదలైనది. చూచువారు చాలరని 1969లో ఆపివేసిరి. మొత్తము 79 కథలు. ఆపివేసిన పిమ్మట స్థానిక కేంద్రములు మరల మరల వేయగా అప్పుడు దానికి పేరు వచ్చినది. కథాకాలము 23వ శతాబ్దము. ఎంటర్‌ప్రైజ్ అను నౌక 400 మందికి పైగా జనముతో నక్షత్రముల నడుమ తిరుగుచుండును. నాయకుడు కర్క్, అతనికి కుడిభుజము స్పాక్, వైద్యుడు మెకాయ్. ఈ వైద్యునికిని స్పాకునకును క్షణము పడదు. ఒకరి నొకరు విడిచియు ఉండలేరు. మన ఊరి రచ్చబండమీద అట్టి జంటలు రెండు మూడున్నవి, పేర్లు చెప్పను.

ఆ నౌకలో సమాచార వ్యవస్థ చూచు అధికారిణి ఉహురా, నల్లజాతి వనిత. అమెరికాలో నల్లవారి ఓటుహక్కును కాపాడు చట్టము వచ్చినది 1965లో. మరుసటి యేడే ఈమె తెరమీద అధికారిణిగా కూర్చున్నది. ఆ పాత్ర ధరించిన నిచెల్ నికొల్స్ మొదటి సంవత్సరము కాగానే మానుకొనవలెనని తలచగా, మార్టిన్ లూథర్ కింగ్ తనను కలిసి మానవద్దని చెప్పినట్లు ఆమెయే పలుమార్లు చెప్పుకొన్నది. నౌక నడపు సులూ పాత్రధారి జార్జ్ టకేయ్ జపాను సంతతివాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పిల్లవాడై యుండగా అతని కుటుంబమును అమెరికా ప్రభుత్వమే నిర్బంధ శిబిరములో ఉంచినది. రెండవ యేట, రష్యాతో పగ రగులుచున్న కాలమున, చెకోవ్ అను రష్యన్ యువకుని కూడ ఆ నౌక ఎక్కించిరి. ఒక పంక్తిలో ఎవరెవరు కూర్చుందురను లెక్క మనకును తెలిసినదే గనుక ఇంత చెప్పితిని.

"ఇది పరదేశపు సరుకు గదా" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగినారు. భాగవతము నవమ స్కంధములో కకుద్మి యను రాజు కథ యున్నది. కూతురు రేవతికి వరుని అడుగుటకు బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచుండగా కొంచెము సేపు ఆగెను. తరువాత అడుగగా బ్రహ్మ నవ్వి, నీవు తలచిన వరులెవరును ఇప్పుడు లేరు, భూమిమీద 27 చతుర్యుగములు గడచినవి అని చెప్పెను. ఆ కథ వినిన మన పిల్లవానికి, ఒకచోటి కాలము మరియొకచోటి కాలము ఒకటి గాకపోవచ్చునని వేరుగ చెప్పవలసిన పనిలేదు. మన పూర్వులు ఆకాశనౌకలు కట్టిరని మాత్రము నేను చెప్పను. ఆ వాదము నాకు సమ్మతము గాదు. వారు ఊహించిరి, ఊహ చాలును.

మన తెలుగువారును ఊరకుండలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ఆదిత్య 369 అను చలనచిత్రము తీసిరి. అందు కాలయంత్రమెక్కినవారు మొదట 1526లో కృష్ణదేవరాయల కొలువునకు, తరువాత 2504వ సంవత్సరమునకు పోవుదురు. అప్పటికి భూమిపైన ఉండ వీలులేక జనులు నేలక్రింద కాపురముందురు. గోదావరిఖనిలో ఆ చిత్రము చూచుచుండగా నా వెనుక వరుసనుండి ఎవరో, "నేలకింద బతుకు జూడనీకి ఐదు వందల ఏండ్లు పోవాల్నా, ఫస్టు షిఫ్టుకు పోతె సాలదా" అనిరి. హాలంతయు గొల్లుమన్నది. అది చూడనివారు తప్పక చూడుడు.

ఇక నేను మొదట చూపుమన్న కథ. దాని పేరు ద డెవిల్ ఇన్ ద డార్క్, అనగా చీకటిలోని దయ్యము. జీన్ ఎల్. కూన్ వ్రాసినది, 1967 మార్చి 9న తొలిసారి ప్రసారమైనది. జానస్ అను గ్రహములో గనులున్నవి. అక్కడి ఖనిజముతో ఎన్నియో లోకములకు విద్యుత్తు నడచును. ఇటీవల లోతుగా క్రొత్త అంతస్తు త్రవ్విరి. అప్పటినుండి ఏదో జంతువు బండలలో దారి కరగించుకొనుచు వచ్చి పనివారిని కాల్చి చంపుచున్నది. 50 మందికి పైగా పోయిరి. పని ఆగినది. నాయకుడును స్పాకును దిగి వెదకుదురు. ఆ జంతువు రాతి పదార్థముతోనే పుట్టినది. దానిని చంపుమని నాయకుడు, వీలైన బ్రతికింపుమని స్పాక్. తీరా నాయకుడు ఒంటరిగా దానికి ఎదురుపడి, అది గాయపడి కదలక యుండుట చూచి ఆయుధము దించును. అప్పుడు తన మిత్రునికేమగునో యని భయపడి చంపుమని అరచువాడు స్పాక్! స్థితప్రజ్ఞత అంతటితో సరి.

పిమ్మట స్పాక్ దానిపై చేయివేసి దాని మనస్సు తెలిసికొనును. అది తల్లి. క్రొత్త అంతస్తులో పనివారికి వేలకొలది గుండ్రని రాళ్ళు దొరకినవి, పనికిరానివని పగులగొట్టిరి. అవి దాని గ్రుడ్లు.

దానికి చికిత్స చేయుమనగా వైద్యుడు తాను తాపీమేస్త్రీని గానని విసుగుకొని, చివరకు కాంక్రీటువంటిది పూసి గాయము మాన్పును. ముగింపు మిగిలియున్నది, అది చెప్పను.

మొదటిసారి ఈ కథ వచ్చిన ఆదివారము మామ నిద్రపోలేదు. గని కనబడగానే లేచి కూర్చుండెను. మాట తెలియకున్నను కథ అంతయు తెలిసినది. అయిపోయిన పిమ్మట ఏమియు అనలేదు. పోయిన యేడు నేను మరల చూపితిని. ఇప్పుడాయన 80 దాటినవాడు. చాలసేపటికి అన్నమాట ఇది: "చీకట్ల ఏదన్న సప్పుడైతె ముందుగాల చెయ్యి లేస్తదిరా. ఎవలు, ఏంది అని అడిగేది తర్వాత." ఆపైన, కప్పు కూలి తన తోటిపనివాడు పోయిన రాత్రి సంగతి చెప్పెను. నలుబది ఏండ్లుగా ఇంటిలో ఎవరికిని చెప్పని సంగతి. "కప్పు పడే ముందు మాట్లాడుతది. మేము ఇనకపోతిమి." అంతకు మించి నేను అడుగలేదు.

నాకు గుచ్చుకొన్నది వేరొకటి. మా తండ్రిగారు పట్వారీ. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట ఇంటిలో మిగిలినవి పాత పహాణీ నకళ్ళు. నేనును లెక్కల గుమాస్తానే అయితిని. ఆ నకళ్ళలోని సర్వే నంబర్లు కొన్ని నేడు ఓపెన్‌కాస్టు గోతిలో నున్నవి. నంబరున్నది, నేల లేదు. ఎవరినో తప్పుపట్టుటకు చెప్పుట లేదు. ఆ బొగ్గుతోనే ఈ సభలో దీపములు వెలుగుచున్నవి, మీలో సగముమంది ఇండ్లు గడచుచున్నవి. కాని ఒక పుటలో మా తండ్రిగారి దస్తూరితో "బీడు" అని వ్రాసియున్నది. నేనెరిగిన ఆ బీటిలో గొల్లవారి మేకలు మేసెడివి, పోచమ్మకు బోనము పోయెడిది, వానకాలమున ఆడవారు ఆకుకూరలేరుకొనెడివారు. జానస్ గ్రహమున ఆ గ్రుడ్లను పగులగొట్టినవారు దుర్మార్గులు గారు. వారి పుస్తకములో అవి రాళ్ళు. ఆ పుస్తకము వ్రాసినవాడు నావంటి గుమాస్తాయే గదా! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

చూడబోవువారికి కొన్ని సూచనలు. మొదటి కథనుండి వరుసగా చూడనక్కరలేదు; ఒక్కొక్కటి వేరు కథ. గనికథ తరువాత, ముఖము సగము నలుపు సగము తెలుపైన ఇద్దరు తరతరముల పగతో ఒకరినొకరు తరుముకొను కథ చూడుడు. ఒకనికి కుడివైపు నలుపు, రెండవవానికి ఎడమవైపు నలుపు, తేడా అంతమాత్రమే. 1969 జనవరిలో వచ్చినది. మన వాడకట్టులకు అన్వయించుకొనుట మీ యిష్టము. మూడవ యేటి కథలు కొన్ని నీరసములు. స్పాక్ మెదడును ఎవరో ఎత్తుకొనిపోవు కథయైతే నేనే నవ్వు ఆపుకొనలేకపోతిని. ఖర్చులేని కాలపు చిత్రణము గనుక బండలు అట్టబండలని తెలిసిపోవును. ఆ రాతిజంతువు కూడ బొంత కప్పుకొని ప్రాకు మనిషివలె కనబడును, నిజముగ లోపలనున్నది మనిషియే. వీధిభాగవతములో చీర అడ్డముపట్టి ద్వారక యనిన నమ్మినవారము, దీనిని నమ్మలేమా?

వచ్చు శనివారము సాయంత్రము 7 గంటలకు పఠనమందిరములో ప్రదర్శన. కాలేజీలో చదువుచున్న మన పిల్లలిద్దరు బొమ్మ ఆపి ఆపి తెలుగులో చెప్పుదురు. 51 నిమిషముల కథకు గంటన్నర పట్టును. రెండవ షిఫ్టువారికొరకు ఆదివారము ప్రొద్దున మరల వేయుదుము. చాపలు చాలవు, తెచ్చుకొనుడు. ముందువరుసలో కుర్చీ యొకటి ఖాళీగా ఉంచుడు, మామ వత్తునన్నాడు.