జంతు నమూనా: ఎంత నమ్మాలి?

ప్రమాదకరమైన శ్వాసకోశ వైరస్‌ను మనిషికి ఎక్కించి ఏమవుతుందో చూడలేం. అందుకని మనకు వచ్చే జబ్బులాంటిదే వచ్చే ప్రాణిని వెతుకుతారు. దాన్నే జంతు నమూనా అంటారు. దాని సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది?

ముందుగా మలేరియా ఉదాహరణ చూద్దాం. సికింద్రాబాద్‌లో 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్, మరుసటి ఏడాది కలకత్తాలో, ఖిదిర్‌పూర్‌కు ఎంతో దూరం లేని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో పరిశోధన సాగించారు. తగినంతమంది రోగులు దొరకక పక్షులను ఎంచుకున్నారు. దోమకాటుతోనే పిట్టకు మలేరియా సోకుతుందని నిరూపించారు. అయితే ఒక సంగతి గమనించండి. పిట్టల మలేరియాను మోసింది క్యూలెక్స్ దోమ. మన మలేరియాను మోసేది అనాఫిలిస్. పిట్ట దారి చూపింది కాని, మనిషి సంగతి విడిగా తేల్చవలసి వచ్చింది.

శ్వాసకోశ వైరస్‌లకూ ఇదే సూత్రం. 1933లో లండన్ శాస్త్రజ్ఞులు ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ అనే చిన్న జంతువు ముక్కులో వేశారు. దానికీ జ్వరం, తుమ్ములు వచ్చాయి. ఫ్లూ వైరస్ అతుక్కునే గ్రాహకాలు దాని శ్వాసనాళంలోనూ మనలాగే ఉండటమే కారణం. కోవిడ్‌లో మొదటి రకం వైరస్ మామూలు ఎలుకకు సోకలేదు. దాని గ్రాహకం వేరు. మానవ జన్యువు చేర్చిన ఎలుకలు, హామ్‌స్టర్లు అక్కరకు వచ్చాయి.

హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌ను 2020లో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 20 రీసస్ కోతులపై పరీక్షించింది. అయిదేసి చొప్పున నాలుగు గుంపులు చేశారు. మూడింటికి టీకా ఇచ్చి, ఒకదానికి ఇవ్వలేదు. తరువాత అన్నిటికీ వైరస్ ఎక్కించారు. టీకా అందని గుంపులో న్యుమోనియా కనిపించింది, టీకా పొందిన వాటిలో కనిపించలేదు. అయినా మనుషుల్లో పరీక్ష తప్పలేదు. మూడో దశలో 25 వేలమందికి పైగా పాల్గొన్నారు.

ఈ జ్ఞానానికి మూల్యం చెల్లించేది మూగజీవి. అందుకే మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, వీలున్నచోట జంతు ప్రయోగాలు మానుకోవాలనీ, చిన్న ప్రాణితో పని జరిగితే పెద్దదాన్ని వాడరాదనీ చెబుతోంది. తగని ప్రాణిని ఎంచుకుంటే దాని ప్రాణమూ వృథా, మనకు దొరికే జవాబూ తప్పు.

ఇకమీదట "ఎలుకల్లో మందు ఫలించింది" అనే వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ ప్రాణి? ఏ విషయంలో అది మనలాంటిది? మనుషుల్లో పరీక్షించారా?